గాదె నిండిన ఊరు

అనగనగా ఒక మెట్ట ఊరు. ఆ ఊరికి ఏడాదికి ఒకటే వాన. ఆ వానకు ఏడాదికొక అలక. వాన కరుణించిన ఏడు వరి, అలిగిన ఏడు కొర్ర. ఏది పండినా, ఏదీ పండకపోయినా, ఆ ఊరివాళ్లు ఆదివారం ప్రార్థనకు పోవడం మాత్రం మానేవాళ్లు కారు. ఆ ఊరి పేరు తంగెడుదిన్నె.

ఊరి మధ్య సున్నం కొట్టిన చిన్న మందిరం. మందిరం వెనక ఒక గది. ఆ గదిలో వెదురుతో అల్లి పేడతో అలికిన పెద్ద గాదె. నిచ్చెన వేసుకుంటే తప్ప దాని నోరు అందదు.

ఆ ఊరి ఆడవాళ్లకు ఒక ఆచారం ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేవాళ్లు. దాన్ని దేవుని కుండ అనేవాళ్లు. ఇంట్లో పెళ్లయినా, చావయినా, పిడికెడు తీయకుండా ఎసట్లో బియ్యం పోసేవాళ్లు కారు. ఆదివారం ఆ కుండలన్నీ మందిరానికి వచ్చేవి. అందరూ పాట పాడుతూ బియ్యం గాదెలో పోసేవాళ్లు. ఒకసారి పోసినవి దేవునివి. వాటిమీద మళ్లీ మనిషి చేయి పడకూడదు.

"దేవుడు ఇన్ని బియ్యం ఏం చేసుకుంటాడు?" అని పిల్లలు అడిగేవాళ్లు.

"నోరు మూసుకుని పాట పాడు" అనేవాళ్లు పెద్దలు.

దంచిన బియ్యం ఏళ్లకేళ్లు నిలవ ఉండవని ఆ ఊరి ప్రతి ఆడమనిషికీ తెలుసు. తమ ఇంటి బియ్యాన్ని ఎండబెట్టుకునేవాళ్లు, వేపాకు కలుపుకునేవాళ్లు. గాదెలో బియ్యానికి మాత్రం ఏమీ చేసేవాళ్లు కారు. దేవునివి కదా, వాటికి పురుగు పట్టదని నమ్మారు.

ఆ గది తాళంచెవి దీనమ్మ మొలలో ఉండేది. ఊళ్లో అందరికన్నా పెద్దది ఆమే. చదువు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రసంగాలు వింటూ, పక్కవాళ్ల పుస్తకంలో వేలు పెట్టి అక్షరాలు పోల్చుకుంటూ, తనకు తానే చదవడం నేర్చుకుంది. ఒకప్పుడు కీర్తనలు వరుసగా అప్పజెప్పేది. ఇప్పుడు మొదలు గుర్తుంటే చివర గుర్తుండదు. చివర గుర్తుంటే అది కీర్తనో సామెతో తెలియదు.

మరుపును ఆమె దొంగను చూసినట్టు చూసేది. ఏ గదిలోకి దూరుతుందో, ఏం ఎత్తుకుపోతుందో అని భయం. అందుకని చేయవలసిన ప్రతి పనికీ చీర చెంగుకు ఒక ముడి వేసుకునేది.

"అత్తమ్మా, ఈ ముడి దేనికి?" అని అడిగేది కోడలు రిబ్కా.

"గుర్తుకు."

"ఏం గుర్తుకు?"

"అది గుర్తుంటే ముడి ఎందుకే?"

రిబ్కా నవ్వేది. దీనమ్మా నవ్వేది. నవ్వు అయిపోయాక మాత్రం ఆ ముడిని పట్టుకుని చాలాసేపు కూర్చునేది.

ఒక ఏడు వాన అలిగింది. మరుసటి ఏడు అసలు ఊరివైపే చూడలేదు. వరి పోయింది, కొర్ర పోయింది, చివరకు గొడ్లు కూడా సంతకు పోయాయి. ఇళ్లలో అంబలి పలచబడింది. అయినా ఆడవాళ్లు పిడికెడు తీయడం ఆపలేదు. పిడికిలి కొంచెం చిన్నదయింది, అంతే.

సంఘపెద్ద హనోకు ఆదివారం లేచి చెప్పాడు. "ఇది పరీక్షాకాలం. కరువులో ఆగిన చేయి కలిమిలోనూ ఆగుతుంది. గాదె ఇంకొక బెత్తెడు నిండితే అంచు తాకుతుంది. కోత పండుగకు చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. మన విశ్వాసం ఎంతో వాళ్లు కళ్లతో చూడాలి."

ఆ వారమే గాదె గది ముందుకు ఒకామె వచ్చింది. బుట్టలల్లుకుంటూ ఊరూరూ తిరిగే మనిషి. నెత్తిన అమ్ముడుపోని బుట్టలు, చంకన పసిపిల్ల. దీనమ్మ గది ఊడుస్తూ ఉంది.

"అవ్వా, ఒక దోసెడు గింజలు పెట్టించు. బుట్ట ఇస్తాను" అంది ఆమె.

"ఇవి ఊరి గింజలు కావమ్మా. దేవునివి."

"పిల్ల పొద్దుటినుంచి ఏడవడం కూడా మానేసింది" అంది ఆమె. బతిమాలినట్టు అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అంది.

దీనమ్మ చేయి మొలలో తాళంచెవి మీదకు పోయింది. ఆ క్షణంలో ఆమె మనసులో ఏదో కదిలింది. ఇదే గుమ్మం. తాను పసిది. అమ్మ చంకలో ఉంది. లోపలినుంచి ఎవరో వచ్చి దొప్పలో వేడి గంజి పోశారు. ఆవిరి మొహానికి తగిలింది. అంతే. ఆ తర్వాతిది లేదు.

అది జరిగిందా? లేక ఎప్పుడో వచ్చిన కలా? ఎదురుగా ఆకలి కనబడుతోందని మనసు ఇప్పుడే అల్లుకున్నదా? దీనమ్మకు తెలియలేదు. ఒకప్పుడయితే తన మనసును నమ్మేది. ఇప్పుడు దానిమీద ఆమెకే నమ్మకం లేదు.

"కొంచెం కూర్చోమ్మా. పెద్దను అడిగి వస్తాను" అని చెంబుతో నీళ్లిచ్చి హనోకు ఇంటికి నడిచింది.

హనోకు చెడ్డవాడు కాదు. ఆ పూట అతని ఇంట్లో కూడా పొయ్యి వెలగలేదు. దీనమ్మ చెప్పింది అంతా విన్నాడు.

"పిన్నమ్మా, ఆకాను కథ నీకు తెలుసు కదా. దేవునికని వేరుచేసిన దానిమీద చేయి వేశాడు. ఏమయ్యాడు? రాళ్ల కుప్ప కింద ఉన్నాడు. అతనొక్కడు పోతే సరే, జనమంతా యుద్ధంలో ఓడిపోయారు."

"అది కాదు అబ్బాయ్. నా చిన్నప్పుడు ఈ గదిలోనే గంజి పోసినట్టు నాకు గుర్తు. పెద్ద కరువప్పుడు. ఆ పిడికెడు బియ్యం అందుకే మొదలుపెట్టారేమోనని..."

హనోకు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆ మాట ఇంకెక్కడా అనకు. మా చిన్నప్పుడు పక్క ఊరి సావిడి ముందునుంచి పోతుంటే ఏమనేవాళ్లు? గంజి కోసం మతంలో కలిసినోళ్లు పోతున్నారు చూడండి అనేవాళ్లు. మా నాయన తల దించుకుని నడిచేవాడు. ఈ గాదె నిండుతున్న కొద్దీ వాళ్ల నోళ్లు మూతబడ్డాయి. మనం కూటికి కలిసినవాళ్లం కాదు పిన్నమ్మా. మనం పెట్టేవాళ్లం, అడుక్కునేవాళ్లం కాదు."

"ఎవరికి పెట్టాం?" అంది దీనమ్మ. ఎగతాళికి కాదు. నిజంగానే గుర్తురాక అడిగింది.

"దేవునికి" అన్నాడు హనోకు. ఆ తర్వాత మెత్తగా అన్నాడు. "నిన్న నువ్వు నన్ను మా నాయన పేరుతో పిలిచావు. నీకు గుర్తున్నవన్నీ జరిగినవి కావు. ఇంటికి పోయి పడుకో."

దీనమ్మ తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు ఎవరూ లేరు. ఖాళీ చెంబు ఉంది. చెంబు పక్కన ఒక చిన్న బుట్ట ఉంది. నీళ్లకు బదులుగా పెట్టి పోయింది ఆ మనిషి.

"పంపేశావా?" అంది ఒక గొంతు.

గాదె అంచుమీద ఒక ఎలుక కూర్చుని ఉంది. బాగా బలిసిన ఎలుక. వయసు మళ్లినవాళ్లకు ఎవరు పలకరించినా సంతోషమే. దీనమ్మ ఆశ్చర్యపోలేదు.

"నేను పంపలేదు. తనే పోయింది."

"ఎలా పోతేనేం, మంచిపని. అలాంటివాళ్లు తినడం మొదలుపెడితే మాకేం మిగులుతుంది?" అని ఎలుక మీసాలు దువ్వుకుంది. దీనమ్మ చీపురు విసిరింది. చీపురు గాదెకు తగిలింది, ఎలుకకు తగల్లేదు.

తర్వాతి ఆదివారం బోధకుడు నతానియేలు అయ్యగారు యోసేపు గురించి ప్రసంగించారు. ఏడు పంట సంవత్సరాల్లో యోసేపు కొట్లు ఎలా నింపాడో, గింజలు సముద్రపు ఇసుకలా ఎలా పోగుపడ్డాయో చక్కగా చెప్పారు. జనం తలలు ఊపారు. హనోకు అందరికన్నా ఎక్కువ ఊపాడు.

కుండలు గాదెలో పోస్తుంటే కొన్ని గింజలు నేలమీద రాలాయి. మందిరం ఊడ్చే మిర్యాము ఆ గింజలనే చూస్తూ నిలబడింది. మిర్యాము విధవరాలు. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆమె తెచ్చే కుండ అన్నిటికన్నా చిన్నది. ఆ మధ్య ఆమె రవిక భుజాలమీదినుంచి జారిపోతోంది.

"అయ్యా, కింద రాలినవి ఏరుకోనా?" అని హనోకును అడిగింది. "వాక్యంలో రూతమ్మ కూడా చేలో రాలినవి ఏరుకుంది కదా. ఊడ్చేదాన్ని నేనే, ఊడ్చి పారబోసేదాన్నీ నేనే."

"పారబోసినా దేవునివే మిర్యామూ. ఈరోజు నేలమీదివి అంటారు. రేపు నిచ్చెన వేస్తారు" అన్నాడు హనోకు.

"సరేనయ్యా" అంది మిర్యాము. వాదించలేదు. చీపురు తీసుకుంది.

దీనమ్మ అక్కడే ఉంది. ఏదో అనాలనుకుంది. ఆమె నోట్లో మాట ఉంది, మాట వెనక ధైర్యం లేదు. నీకు గుర్తున్నవన్నీ జరిగినవి కావు అని హనోకు అన్నది ఒక్కటే ఆ వారమంతా మరపు రాలేదు.

జనం పోయాక మిర్యాము పక్కన కూర్చుంది. "తిన్నావా?"

"తిన్నానక్కా. మీరో?"

"తిన్నాననే అనుకుంటున్నా."

మిర్యాము నవ్వింది. "మీకు మరుపు వరమక్కా. తినకపోయినా తిన్నాననుకుని పడుకోవచ్చు. నాకు ఆ వరం ఇంకా రాలేదు."

ఆ మాట దీనమ్మకు ముల్లులా దిగింది. నేరుగా అయ్యగారి ఇంటికి పోయింది.

నతానియేలు అయ్యగారు దయగల మనిషి. కానీ ఎదుటివాడి ముఖం ముడుచుకుంటే తట్టుకోలేరు. ఇక హనోకు ముఖమంటే చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, యోసేపు కొట్లు నింపాడన్నారు. నింపి ఏం చేశాడు? నాకు ఆ తర్వాతిది గుర్తురావడం లేదు" అంది దీనమ్మ.

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కరువు వచ్చినప్పుడు తెరిచాడమ్మా. అన్నీ తెరిపించాడు."

"మరి ఆ ముక్క చెప్పలేదేం?"

"సమయం చాలలేదు."

ఆయనే మళ్లీ అన్నారు. "వచ్చే ఆదివారం చెబుతానమ్మా. తప్పకుండా."

వచ్చే ఆదివారం వచ్చింది. అయ్యగారు లేచారు, మొదటి వరుసలో హనోకును చూశారు, నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగించారు.

ఆ సాయంత్రం దీనమ్మ గాదె గదిలో ఒంటరిగా కూర్చుంది. ఎలుక వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఏమిటవ్వా, దిగులు?"

"నాకు ఒకటి గుర్తుంది. అది నిజమో కాదో తెలియదు."

"ఈ గదిలో గంజి పోసిన సంగతేనా? మా ముత్తవ్వ చెప్పేది. ఆ రోజుల్లో మా వాళ్లు ఎముకల గూళ్లట. ఆదివారం గింజలు పడేవట, శనివారానికి గాదె ఖాళీ అయ్యేదట. ఎవరికి జ్వరమొస్తే వాళ్లకు, ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లకు. మాకు దక్కేది గాదె వాసనే. మీవాళ్లు అడుగు కన్నానికి పేడ మెత్తాక గదా మా వంశం నిలిచింది."

"ఏ కన్నం?"

"వంగి చూడు."

దీనమ్మ వంగి తడిమింది. గాదె అడుగున, గోడవైపు, గింజలు దించుకునే కన్నం ఉంది. పేడ మీద పేడ అలికి గట్టిగా మూసేశారు.

"పోయడానికే అయితే పైన నోరు చాలదా? కట్టినవాడు అడుగున కన్నం ఎందుకు పెట్టాడంటావు, మా కోసమా?" అంది ఎలుక. "పోయి చెప్పు. కాని ఎలుక చెప్పిందని మాత్రం చెప్పకు. నిన్ను కూడా ఇందులో పెట్టి తాళం వేస్తారు."

దీనమ్మ లేచింది. సంఘంతో మాట్లాడాలి, అది తర్వాత. ముందు మిర్యాముకు తన ఇంటి అంబలి తీసుకుపోవాలి. రేపు పొద్దున్నే. తన వాటా తాను మానేస్తే సరిపోతుంది. మరిచిపోకుండా చెంగుకు ముడి వేసుకుంది. మామూలుగా ఒకటి వేసేది, ఈసారి ముడిమీద ముడి వేసింది.

తెల్లవారింది. దీనమ్మ లేచి ముడి చూసుకుంది. ముడి ఉంది, మాట లేదు. పొయ్యి వైపు చూసింది, బావి వైపు చూసింది, పెరట్లోకి పోయి వచ్చింది. రిబ్కా అంబలి గిన్నె చేతికిచ్చింది. దీనమ్మ తాగింది. మరుసటి రోజూ ముడి చూసుకుంది, మరుసటి రోజూ తాగింది.

ఆదివారం నాడు మందిరం ఊడ్చి లేదు. ముందు రాత్రి గాలికి వచ్చిన దుమ్ము బల్లలమీద అలాగే ఉంది. రిబ్కా మిర్యాము ఇంటికి పోయింది. వెంటనే తిరిగి రాలేదు. వచ్చినప్పుడు ఆమె చేతిలో మిర్యాము దేవుని కుండ ఉంది.

"పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. ఎసటి గిన్నె బోర్లించి ఉంది. డబ్బాలన్నీ వెతికాను, ఎక్కడా ఒక గింజ లేదు. ఈ కుండలో మాత్రం పిడికెడు ఉంది" అంది రిబ్కా.

మిర్యాము దేహాన్ని మందిరంలోకి తెచ్చి పడుకోబెట్టారు. ఆమె బరువు మోయడానికి ఇద్దరే సరిపోయారు. అయ్యగారు లేచి కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి మాట చదివారు. తనకు కలిగినదంతా వేసిందని ప్రభువు ఆమెను మెచ్చుకున్నాడని చెప్పారు. చెబుతూ చెబుతూ, ఎందుకో, పుస్తకంలో దానికి ముందున్న మాట మీద ఆయన చూపు పడింది. విధవరాండ్ర ఇళ్లను దిగమింగి దీర్ఘ ప్రార్థనలు చేసేవాళ్ల గురించి ఉంది అక్కడ. ఆయన దాన్ని చదవలేదు. పుస్తకం మూసేశారు.

హనోకు కళ్లు తుడుచుకుని లేచాడు. అతని ఏడుపు దొంగ ఏడుపు కాదు. మిర్యాము కుండను రెండు చేతులతో ఎత్తాడు.

"చూశారా ఈమె విశ్వాసం. చచ్చిపోతూ కూడా దేవుని భాగం ముట్టుకోలేదు. ఈ పిడికెడుతో మన గాదె అంచు తాకుతుంది. పండుగకు వచ్చినవాళ్లందరికీ ఈ సాక్ష్యం చెబుదాం."

దీనమ్మ తల దించుకుని ఉంది. ఆమె వేళ్లు చెంగులో ముడిని తడుముతున్నాయి. ముడిమీద ముడి. అప్పుడు, అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఆ ముడి ఎందుకు వేసుకుందో.

లేచి నిలబడింది.

"హనోకూ, ఆ కుండ కింద పెట్టు."

"పిన్నమ్మా, కూర్చో."

"కూర్చోను. కూర్చుంటే మళ్లీ మరిచిపోతాను." ఆమె జనం వైపు తిరిగింది. "నేను మిర్యాముకు అంబలి తీసుకుపోదామనుకున్నాను. ముడి వేసుకున్నాను. మరిచిపోయి ఆ అంబలి నేనే తాగాను. నాది మరుపు. మరి మీదేమిటి? మీకందరికీ జ్ఞాపకాలు బాగానే ఉన్నాయి కదా."

ఆమె గాదె గది వైపు చేయి చూపింది.

"నా చిన్నప్పుడు ఈ గదిలో గంజి పోశారు. నాకలా గుర్తు. నా గుర్తును నమ్మమని నేను చెప్పను, నేనే నమ్మను. గాదె అడుగున కన్నం ఉంది, పోయి చూడండి. గంజికి కలిసినోళ్లు అంటారని మీకు సిగ్గు. నాకు లేదు. నేను గంజికే వచ్చాను. మా అమ్మ నన్ను చంకనేసుకుని ఆకలితోనే వచ్చింది. ప్రభువు పెట్టాడు. ఆయన రొట్టెలు పంచిన రోజు గడ్డిమీద కూర్చున్న ఐదువేలమంది మాత్రం దేనికి కూర్చున్నారు? ఆకలేసే కదా కూర్చున్నారు. వాళ్లను ఆయన సిగ్గుపడమనలేదు."

"పిన్నమ్మా..." అన్నాడు హనోకు.

"ఆకలిగొన్నాను, మీరు నాకు పెట్టలేదు అని ఆయన అడుగుతాడట. ఎక్కడుందో నాకు గుర్తులేదు. అయ్యగారూ, అది ఉందా లేదా?"

అందరూ అయ్యగారి వైపు చూశారు. హనోకు ముఖం ముడుచుకుని ఉంది. అయ్యగారు ఈసారి ఆ ముఖం వైపు చూడలేదు. మిర్యాము వైపు చూశారు.

"ఉందమ్మా. నేను ఇన్నేళ్లూ సమయం చాలదని దాటేసినవి ఇంకా చాలా ఉన్నాయి" అన్నారు.

దీనమ్మ గది తాళం తీసింది. అయ్యగారు గునపం తెచ్చి, నేలమీద కూర్చుని, అడుగు కన్నానికి మెత్తిన పేడను పొడవడం మొదలుపెట్టారు. పెళ్ల తర్వాత పెళ్ల ఊడింది. కన్నం తెరుచుకుంది.

ముందు వచ్చింది బియ్యం కాదు. బూడిదలాంటి పిండి. పురుగు తిని వదిలిన పొడి, ఎలుక పెంటికలు, నల్లగా గడ్డకట్టిన ముద్దలు. అది కారుతూనే ఉంది. ఎందరో అమ్మలు, ఎందరో అవ్వలు తమ నోటికాడినుంచి తీసి వేసిన పిడికెళ్లు అవి. జనం కాళ్ల మధ్యనుంచి అవి గదంతా పరుచుకున్నాయి. హనోకు మిర్యాము కుండను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"దేవునివి కదా, పురుగు పట్టదనుకున్నాం" అన్నాడు.

"ఎడారిలో దేవుడే కురిపించిన మన్నాకు కూడా పట్టింది హనోకూ. దాచుకుంటే పట్టింది" అన్నారు అయ్యగారు.

ఆ పొడిలోంచి ఎలుకలు బారులు తీరి బయటకు పరుగెత్తాయి. బలిసిన ఎలుక దీనమ్మ కాలి దగ్గర ఆగింది.

"మా ఇల్లు కూల్చావు అవ్వా."

"ఎక్కడికి పోతావు?"

"నాకేం కొదవ. నిండిన గాదెలున్న ఊళ్లు చాలా ఉన్నాయి" అంటూ వెళ్లిపోయింది.

పొడి అంతా కారాక, మొన్నమొన్న పోసిన పైవరస బియ్యం కిందికి దిగాయి. ఆడవాళ్లు చేటలు తెచ్చారు. చెరిగారు, ఏరారు, కడిగారు. గాదెడు బియ్యంలో మనుషులు తినదగ్గవి కొన్ని మూటలు. ఆరోజు గాదెలో పోయడానికి తెచ్చిన దేవుని కుండల్లోవి కూడా కలిపారు. మందిరం ముంగిట పొయ్యి పెట్టి గంజి కాచారు. మిర్యామును మట్టిలో పెట్టి వచ్చిన చేతులతోనే అందరూ దొప్పలు పట్టుకున్నారు. ఆ గంజి ఎవరికీ రుచించలేదు. అందరూ తాగారు.

బుట్టలల్లే ఆమె కోసం మనుషులను నాలుగు దారులా పంపారు. ఆమె ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

కోత లేని కోత పండుగ వచ్చింది. చుట్టుపక్కల సంఘాలవాళ్లు వచ్చి ఖాళీ గాదెను చూశారు. "గంజికి కలిసినవాళ్లు మళ్లీ గంజికే వచ్చారే" అన్నాడొకడు పక్కవాడితో, వినబడేటట్టుగా.

"అవునన్నా. నువ్వూ కూర్చో, నీకూ పోస్తాం" అన్నాడు హనోకు. గరిట అతని చేతిలోనే ఉంది.

వాన ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్లలాగా ఏమీ మాట్లాడకుండా కురిసింది. పిడికెడు తీసే ఆచారం ఊళ్లో అలాగే ఉంది. కాని ఆదివారం గాదెలో పడ్డ గింజలు వారం తిరిగేలోగా ఏదో ఒక ఇంటి పొయ్యి చేరేవి. ఆ గది తలుపుకు మళ్లీ తాళం వేయలేదు.

దీనమ్మను మాత్రం మరుపు పూర్తిగా దోచుకుంది. ముందు వాక్యాలు పోయాయి. తర్వాత పేర్లు పోయాయి. రిబ్కాను చూసి "ఎవరమ్మా నువ్వు, చల్లని తల్లిలా ఉన్నావు" అనేది. ఒక్కటి మాత్రం మిగిలింది. ప్రతి ఆదివారం పాట మొదలయ్యే ముందు తలుపు వైపు చూసి అడిగేది.

"మిర్యాము రాలేదేం?"

మొదటిసారి రిబ్కా, "వస్తుంది అత్తమ్మా" అంది.

హనోకు లేచాడు. "అబద్ధం చెప్పకమ్మా" అన్నాడు. దీనమ్మ ముందుకు వచ్చి మోకాళ్లమీద కూర్చున్నాడు. "పిన్నమ్మా, మిర్యాము చచ్చిపోయింది. ఆకలితో చచ్చిపోయింది. ఇక్కడ గాదె నిండా బియ్యం ఉండగా చచ్చిపోయింది."

దీనమ్మ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. ఆమెకు అది అప్పుడే జరిగింది. ఆమె ఏడుపు ఆగేదాకా ఎవరూ పాట ఎత్తలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ అడిగింది. హనోకు మళ్లీ లేచి, మళ్లీ మోకాళ్లమీద కూర్చుని, అదే చెప్పాడు. ఆ పై ఆదివారమూ అంతే.

"పెద్దయ్యా, చూడలేకపోతున్నాం. ఇకనుంచి అత్తమ్మను ఇంట్లోనే ఉంచేస్తాను" అంది రిబ్కా.

"రానీ అమ్మా" అన్నాడు హనోకు. "ఆమె అడగని ఆదివారం వస్తే, మనం మళ్లీ పోయి తాళం కొనుక్కుంటాం."

కాబట్టి పిల్లలూ, దేవునికని తీసిన పిడికెడు ఆకలిగొన్నవారి దొప్పలో పడినప్పుడే దేవునికి ముడుతుంది. గాదెలో ఉన్నంతకాలం అది ఎలుకలదే.